చిగురుపన్ను

కాజీపేట నుండి విజయవాడకు పోయే రైలుమార్గంలో, ఖమ్మం దాటిన తరువాత, మధిర రాకముందు బోనకల్ అనే చిన్న స్టేషను ఉన్నది. వేగంగా పోయే బండిలో కూర్చున్నవారు ఆ పేరు చదివేలోపలనే అది వెనుకకు పోతుంది. గడచిన ఫాల్గుణంలో ఒకనాటి తెల్లవారుజామున నేను అక్కడ దిగినాను. స్టేషను దాటగానే పొలాలు. పొలాల గట్ల మీద తాటిచెట్లు. ఒక గీతకార్మికుడు నడుముకు ముస్తాదు బిగించుకొని, మోకు సవరించుకొంటూ చెట్టెక్కుతున్నాడు. లొట్టి దించుకొని వచ్చిన తరువాత పలకరించినాను. ఆయన తన చెట్లను గురించి నాలుగు మాటలు చెప్పి, వాటి వెంట పన్నును గురించి మరి నాలుగు మాటలు చెప్పినాడు. చెట్టు, పన్ను అనే రెండు మాటలు ఆయన నోట విడివిడిగా రాలేదు.

నేను బయలుదేరిన పని కూడ ఆ రెండు మాటలకు సంబంధించినదే. ఈ మైదానం అంచున మొదలై గోదావరి ఒడ్డు దాకా వ్యాపించిన అడవిలో, నూట నలభై ఏండ్లకు పూర్వం, కల్లు మీద ఒక పన్ను ఉండేది. దాని పేరు చిగురుపన్ను. వినడానికి ఎంతో మెత్తని పేరు. కాని ఆ పన్ను కారణంగా రేగిన తిరుగుబాటును అణచడానికి ఇంగ్లీషు ప్రభుత్వం ఆరు పదాతి పటాలాలను నడిపించవలసి వచ్చినది. ఆ కథ జరిగిన నేలను చూచి వచ్చి శ్రోతలకు చెప్పవలెనన్నది నా సంకల్పం.

బోనకల్ నుండి వైరా, తల్లాడ మీదుగా కొత్తగూడెం పోయే దారిలో నేల స్వభావం మారడం కంటికి కనబడుతూనే ఉంటుంది. పత్తి, మిరప చేలు క్రమంగా వెనుకబడతాయి. తాటిచెట్టు పలుచబడి టేకు, మద్ది, ఇప్ప ఎదురువస్తాయి. కొత్తగూడెంలోని రైలు స్టేషనుకు ‘భద్రాచలం రోడ్డు’ అని పేరు. తెలియని యాత్రికుడు అక్కడ దిగి రామాలయం ఎక్కడ అని అడిగితే, ఇంకా నలభై కిలోమీటర్లు పోవలెనని చెబుతారు. పాల్వంచ దాటి, గోదావరి వంతెన దాటి, భద్రాచలం చేరి, అక్కడినుండి కూనవరం వైపు సాగితే శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు కనబడుతుంది. ఆ చుట్టుపట్ల ప్రాంతమే పూర్వపు రేకపల్లి సీమ. ఇంకా దిగువన పాపికొండలు. ఆ కొండలకు ఆవల రంపసీమ.

ఈ సీమను ఏలినవారు మారినంత తరచుగా ఇక్కడి పంటలు కూడ మారి ఉండవు. 1860లో నిజాము భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను ఇంగ్లీషువారికి అప్పగించినాడు. వారు వాటిని మధ్యపరగణాలలో చేర్చినారు. 1874లో మద్రాసు రాజధానికి మార్చినారు. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలోనికి వచ్చినది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రేకపల్లి వైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచినది. ఈ మార్పులలో ఏ ఒక్కటీ ఆ కొండలలోని కోయలనూ, కొండరెడ్లనూ అడిగి చేసినది కాదు. 1874 నాటి మార్పు మాత్రం వారి బ్రతుకును సూటిగా తాకినది. ఆ సంగతి ముందు చెబుతాను.

నేను పోయిన కాలం ఇప్పపువ్వు రాలే కాలం. ఇప్పచెట్టు ఆకు రాల్చి, మోడై, ఆ మోడు కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూస్తుంది. పూరేకులు దళసరిగా, లేతపసుపు రంగులో, రసంతో నిండి ఉంటాయి. అవి రాత్రివేళ విడివడి తెల్లవారేలోగా నేల రాలుతాయి. ఆడవారు, పిల్లలు చీకటి ఉండగానే గంపలతో పోయి ఏరుకొని వస్తారు. పువ్వును ఎండబెట్టి దాచుకొంటారు. అది వానకాలపు కరువు రోజులలో ఆహారం. ఉడికించి తింటారు, పిండితో కలిపి రొట్టె చేస్తారు. గింజ నుండి నూనె తీస్తారు. మిగిలిన పువ్వును నీటిలో పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి సారా కాస్తారు. కోయలకు ఏ క్రొత్త పంటనైనా పండుగ చేసి పెద్దలకు సమర్పించిన తరువాతనే ముట్టే ఆచారం ఉన్నది. ఇప్పపువ్వు కూడ ఆ మర్యాదకు లోబడినదే.

ఇక పాపికొండల వైపు కొండరెడ్ల సీమలో ప్రధానమైనది జీలుగుచెట్టు. వేసవిలో దాని కల్లు వారికి మత్తుపదార్థం మాత్రమే కాదు, కడుపు నింపే ఆహారం కూడ. కరువు వచ్చినప్పుడు చెట్టును కొట్టి దాని దవ్వను పిండిచేసి తింటారు. 1941 ప్రాంతంలో ఇక్కడ వారి మధ్య నివసించి పరిశోధన చేసిన హైమెండార్ఫ్ పండితుడు 1945లో కొండరెడ్లను గురించి ప్రకటించిన గ్రంథం ఈ జీవితాన్ని లోకానికి వివరంగా తెలిపినది. ధాన్యం నిండుకొన్న నెలలలో జీలుగుకల్లు మీద పన్ను వేయడమంటే, మైదానంలో అన్నం మీద పన్ను వేసినట్లే. ఇది గ్రహించకపోతే తరువాత జరిగిన కథ మనకు అర్థం కాదు. కల్లు కోసం యుద్ధం చేసినారట అని నవ్వి ఊరుకొంటాము.

నదీలోయకు, అక్కడి పానీయానికి, పాలకుని చట్టానికి గల ఈ ముడి మన గోదావరికి మాత్రమే పరిమితమైనది కాదు. పోర్చుగల్ దేశంలో దౌరూ అనే నది ఉన్నది. దాని ఎగువలోయలో పలకరాతి కొండల వాలు మీద మెట్లు మెట్లుగా గోడలు కట్టి ద్రాక్ష పండిస్తారు. అక్కడి ద్రాక్షాసవం వెడల్పాటి తెరచాప పడవలలో నది దిగి, సముద్రతీరాన ఉన్న పోర్టో నగరం చేరేది. అందువల్ల దానికి ‘పోర్ట్’ అని పేరు వచ్చినది. ద్రాక్షరసం పులియడం సగంలో ఉండగా అందులో ద్రాక్షసారాను కలుపుతారు. దానితో పులియడం నిలిచిపోతుంది. పండులోని తీపి కొంత మిగిలిపోతుంది. ఘాటు మాత్రం పెరిగి నూటికి ఇరవై పాళ్ళ వరకు సారా ఉంటుంది. మన కొండలలో పులిసిన కల్లు వేరు, కాచిన సారా వేరు. దౌరూ లోయవారు ఆ రెండింటినీ ఒక పీపాలో కలిపినారన్నమాట. సారా కలిపిన ఆసవం సముద్రప్రయాణంలో చెడదు. ఫ్రాన్సుతో కలహించిన ఇంగ్లండు 1703లో పోర్చుగల్‌తో మెథుయెన్ ఒడంబడిక చేసుకొని, పోర్చుగీసు ఆసవాలకు తక్కువ సుంకం విధించినది. ఆ విధంగా ఒక కొండలోయ పానీయం లండన్ నగరపు భోజనశాలలకు చేరినది.

లాభం పెరిగిన చోట కల్తీ పుట్టినది. 1756లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ ఒక కంపెనీని స్థాపించి, ఏ కొండల ద్రాక్షతో ఈ ఆసవం చేయవచ్చునో హద్దులు నిర్ణయించినాడు. ఆ హద్దుల వెంట మూడువందలకు పైగా రాతిస్తంభాలు పాతించినారు. ఆసవానికి దొంగరంగు ఇవ్వడానికి వాడే పండ్లచెట్లను పెరికించినారు. ఒక పానీయం పుట్టిన నేలకు చట్టం హద్దురాళ్ళు వేయడం లోకంలో మొదటిసారి జరిగిన చోట్లలో దౌరూ లోయ ఒకటి. 2001లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతుల సంస్థ ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. యాత్రికులు ఈనాడు ఆ రాళ్ళను చూచి మెచ్చుకొంటారు.

కాని ఆ కథకు రెండవ ముఖం ఉన్నది. అదే కంపెనీకి పోర్టో నగరంలోని పానశాలలకు ఆసవం అమ్మే గుత్తాధికారం కూడ ఇచ్చినారు. ధర పెరిగినది, చిన్న పానశాలల వారికి బ్రతుకుతెరువు పోయినది. 1757 ఫిబ్రవరి 23న నగరప్రజలు కంపెనీ మీద తిరుగబడినారు. పెద్దలు ఆ అలజడికి ‘తాగుబోతుల తిరుగుబాటు’ అని వెక్కిరింపు పేరు పెట్టినారు. శిక్షలు మాత్రం వెక్కిరింపుగా లేవు. ఇరవైమందికి పైగా స్త్రీపురుషులకు మరణశిక్ష విధించినారు.

పాలకులు పానీయం మీద అధికారం చెలాయించడం మన దేశంలోనూ ప్రాచీనమైనదే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షునికి ఒక ప్రకరణమే కేటాయించబడినది. ద్రాక్షరసంతో చేసిన మధువును అది పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనమనీ, హారహూరకమనీ పిలువవలెనని అందులో ఉన్నది. దౌరూ హద్దురాళ్ళకు ఎన్నో శతాబ్దాల ముందే ఆసవానికి దేశం పేరు పెట్టిన ఆలోచన అది. సుర మీద రాజ్యానికి గట్టి పట్టు ఉండవలెనన్న కౌటిల్యుడు ఒక మినహాయింపు ఇచ్చినాడు. ఇంటి శుభకార్యాలకూ, మందుకూ కుటుంబీకులు స్వయంగా కొన్ని రకాల సురను చేసుకోవచ్చును; ఉత్సవాలకూ, జాతరలకూ నాలుగు రోజులు అనుమతి ఉండవలెను. ఇంటి అవసరం వేరు, అంగడి వ్యాపారం వేరు అన్న ఎరుక ఆ కఠినమైన రాజనీతిజ్ఞునికి ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దపు అబ్కారీ చట్టానికి ఆ ఎరుక లేకపోయినది. రంపసీమను 1813లో చేసుకొన్న ఒడంబడిక ప్రకారం ఒక మన్సబుదారు అనుభవిస్తూ వచ్చినాడు. ఆయన క్రింద ముఠాదారులు, వారి క్రింద కొండగ్రామాలు. కాలక్రమాన మన్సబుదారు వంశం ముఠాలను లాగుకొని, పన్నులు పెంచి, జనానికి దుర్భరమైనది. కల్లు మీద చిగురుపన్ను ముందునుండీ ఉన్నది. దానికి తోడు మొదలుపన్ను అని మరొకటి వచ్చినది. అంతలో మద్రాసు ప్రభుత్వపు అబ్కారీ నియమాలు కొండలెక్కినవి. ఇంటి వాడుకకు సైతం స్వేచ్ఛగా కల్లు గీయరాదన్నారు. కల్లు హక్కును మైదానపు గుత్తదార్లకు వేలం వేసినారు. తన పెరటిచెట్టు కల్లు తాను త్రాగడానికి కొండరెడ్డి, క్రిందినుండి వచ్చిన పరాయి గుత్తదారు ముందు చేయి చాచవలసి వచ్చినది.

దీనికి మరి రెండు బాధలు తోడైనవి. మైదానపు వర్తకులు కొద్దిపాటి అప్పిచ్చి, కాగితం వ్రాయించుకొని, దూరాన ఉన్న కోర్టులో కొండవారు లేకుండానే డిక్రీ పొంది, పశువులను, పంటను తోలుకొనిపోయేవారు. ఆ పనికి పోలీసులు వెంట వచ్చేవారు. రేకపల్లి సీమలో మరొక సంగతి జరిగినది. 1874లో ఆ ప్రాంతం మధ్యపరగణాల నుండి మద్రాసుకు మారగానే పోడు వ్యవసాయం మీది పన్ను మూడింతలైనది; కొన్ని అడవులలో పోడు పనికిరాదన్నారు. కాగితం మీద ఒక రాజధాని నుండి మరొక రాజధానికి గీత మారినది. కొండవాని గొడ్డలి మీద దాని బరువు పడినది.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు మొదలైనది. మొదట పోలీసులు, పోలీసుస్టేషన్లు దాడికి గురియైనవి. ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లా గూడెం కొండలకు, జూలైలో రేకపల్లి సీమకు వ్యాపించినది. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి మున్నగువారు నాయకులుగా నిలిచినారు. ప్రభుత్వం పొరుగు జిల్లాల నుండి వందలాది పోలీసులను రప్పించినది. ఆరు మద్రాసు పదాతి పటాలాలు, రెండు కంపెనీల సాపర్లు, అశ్వికులు, వీరుగాక హైదరాబాదు కంటింజెంటు సైన్యం దిగినవి. అడవిజ్వరం సైన్యాన్ని పీడించినది. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో హతులైనారు. పట్టుబడిన వారిలో పలువురిని అండమానుకు పంపినారు.

తిరుగుబాటు అణగిపోయినది. కాని ప్రభుత్వం విచారణ జరిపించి, కారణాలు అబద్ధం కాదని గ్రహించినది. మన్సబుదారును తొలగించి ముఠాదారులతో నేరుగా ఒడంబడిక చేసుకొన్నది. చిగురుపన్నును తీసివేసి, ఇంటి వాడుకకు కల్లు గీసుకొనే స్వేచ్ఛను కొండవారికి తిరిగి ఇచ్చినది. కౌటిల్యుడు నాలుగు మాటలలో ఇచ్చిన మినహాయింపును పొందడానికి ఇంత రక్తం కారవలసి వచ్చినది.

ఇంతటితో కథ ముగిస్తే నేను మద్యపానాన్ని పొగడుతున్నానని కొందరు శ్రోతలు అనుకోవచ్చును. నా ఉద్దేశం అది కాదు. ఇదే రంపసీమలో 1922లో తిరిగి ఫితూరీ లేవదీసిన అల్లూరి సీతారామరాజు, అంతకు ముందే కొండవారికి త్రాగుడు మానుమని బోధించినాడు. తగవులను కోర్టులకు పోక పంచాయతీలలో తీర్చుకొనుమని చెప్పినాడు. తాతలు కల్లు హక్కు కోసం పోరాడిన చోటనే మనుమలు కల్లు మానుమన్న నాయకుని వెంట నడిచినారు. ఇందులో వైరుధ్యం ఉన్నదని నాకు మొదట తోచినది. తరువాత ఆలోచించగా లేదనిపించినది. గీసుకొనడమైనా, మానుకొనడమైనా నిర్ణయం తమది కావలెనన్నదే రెండు తరాల కోరిక.

మన కాలంలోనే ఇంకొక నిదర్శనం ఉన్నది. 1980లలో సారాను పాకెట్లలో నింపి ఊరూరా అమ్మించే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చినది. గుత్తదార్ల వేలంపాటలు ఖజానాను నింపినవి. కూలివాని సంచిలో బియ్యానికి చోటు లేకపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామస్త్రీలు, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకొంటూ, తమ ఊరిలో సారా దుకాణం ఉండరాదని నిర్ణయించినారు. ఆ మాట జిల్లా దాటినది, రాష్ట్రమంతా ప్రాకినది. 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధించినారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. అది 1997లో సడలినది. కొండరెడ్లు కల్లు కావలెనన్నారు, దూబగుంట స్త్రీలు సారా వద్దన్నారు. పైకి ఇవి ఎదురెదురు మాటలు. కాని ఇద్దరి ఎదుట నిలిచినవాడు ఒక్కడే: వేలంలో ఊరిని పాడుకొని వచ్చిన గుత్తదారు.

ఈ నూరేండ్ల అనుభవానికి చట్టంలో ఒక చోటు దొరికినది. 1996 డిసెంబరులో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టం, గిరిజన ప్రాంతాలలో మత్తుపానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, లేదా నియంత్రించే, అధికారం గ్రామసభకూ పంచాయతీలకూ ఉండవలెనని చెప్పినది. 2006 నాటి అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీఫలసాయం మీద అడవిలో నివసించేవారి హక్కును గుర్తించినది, ఇప్పపువ్వు అందులోనిదే. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా పరిగణిస్తామని ప్రకటించినది. దౌరూ లోయకు దక్కిన గౌరవం ఇప్పచెట్టుకు దక్కవచ్చునని కొందరు సంతోషించినారు. నేనూ సంతోషించినాను. కాని పోర్టో నగరపు కథ తెలిసినవానికి ఒక శంక కలుగుతుంది. హద్దురాళ్ళు పాతేటప్పుడు, సీసా మీద పేరు అంటించేటప్పుడు, తెల్లవారుజామున పువ్వు ఏరే స్త్రీకి అందులో ఏ పాలు ఉంటుందో ముందుగానే తేల్చవలెను. లేనియెడల వారసత్వం అన్నది చిగురుపన్నుకు క్రొత్త పేరు కావచ్చును.

కూనవరం దగ్గర రెండు నదుల కలయిక చూస్తూ చాలసేపు నిలిచినాను. పోలవరం జలాశయం పూర్తిగా నిండినప్పుడు ఈ ప్రాంతంలో అనేక గ్రామాలు ముంపుకు గురియౌతాయి. దౌరూ మీద ఆనకట్టలు కట్టిన తరువాత ఆసవపు పడవల ప్రయాణం నిలిచిపోయినది. కాని అక్కడి ద్రాక్షతోటలు కొండవాలు మీద మిగిలినవి. ఇక్కడ నీరు ఎక్కే పల్లపు నేలల మీద ఊరికి ఊరే ఉన్నది, దాని ఇప్పచెట్లతో సహా. ఊరిని మరొక చోట కట్టి ఇవ్వవచ్చును. ఇప్పచెట్టు పూతకు రావడానికి ఎన్నో ఏండ్లు పడుతుంది.

ఒడ్డున ఒక ముసలి కోయ ఆయన చెట్టు క్రింద చాప మీద పువ్వు ఆరబోస్తున్నాడు. తాత, ఈ చెట్టు ఎవరిది అని అడిగినాను. ఆయన నా మాట అర్థం కానట్లు చూచి, మా ఇంటిదే సారూ అని, ఒక దోసెడు పువ్వు తీసి నా చేతిలో పోసినాడు. ఆ పువ్వులో పుల్లదనం లేదు, మత్తు లేదు. ఎండకు వెచ్చబడి, ఎండుద్రాక్ష తిన్నట్లే తియ్యగా ఉన్నది.

తిరుగుప్రయాణంలో బోనకల్ చేరేసరికి సాయంకాలమైనది. పొలంగట్టు మీద ఆ గీతకార్మికుడు సందెవేళ గీతకు మళ్ళీ చెట్టెక్కుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, భద్రాచలంలో దర్శనం బాగా అయినదా అని అడిగినాడు. అయినదని చెప్పి, ఆయన చెట్టు దిగేదాకా అక్కడనే నిలిచి, తరువాత స్టేషనుకు నడిచినాను.